ఆరంభశూరత్వానికి ఒక సమర్థన

ఆరంభశూరత్వం తెలుగువారికి తరతరాలుగా అంటిన అపవాదు. ఏ పనినైనా అట్టహాసంగా మొదలుపెట్టి నడుమ చేతులెత్తివేసేవారిని వెక్కిరించడానికి మన పెద్దలు కల్పించిన మాట అది. గత సంవత్సరం వార్షికోత్సవ సందర్భంలో మన విద్యార్థుల చలనచిత్ర ప్రయత్నాన్ని గురించి ఆ మాట మరొకమారు వినవలసి వచ్చింది. ఇరవై నిమిషాల చిత్రం తీస్తామని బయలుదేరిన ఆరుగురు విద్యార్థులు చివరకు రెండు నిమిషాల పది సెకన్ల ప్రారంభ దృశ్యాన్ని మాత్రమే చూపగలిగారు. పూర్తికాని చిత్రాన్ని పోటీకి స్వీకరించే నియమం లేదన్నారు. లేనిమాట వాస్తవమే. ఆ నియమాన్ని మార్చవలసిందిగా కార్యవర్గ సభ్యులను సవినయంగా కోరడానికే ఈ వ్యాసం వ్రాస్తున్నాను. వచ్చే ఏటినుంచి మన కళాశాలలో పూర్తి చిత్రాలకు పోటీ పెట్టవద్దు. ఆరంభాలకు పెట్టండి. ప్రతి జట్టూ రెండు నిమిషాల ప్రారంభ దృశ్యాన్ని కాగితం మీద ఆలోచించి, తీసి, కూర్చి తీసుకురావాలి. అంతకు మించితే అనర్హులుగా ప్రకటించండి.

గుమ్మం నిలిపి ఇల్లు కట్టకుండా విడిచిపెట్టినవాణ్ణి ఎవరు మెచ్చుకుంటారని విజ్ఞులు ప్రశ్నించవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే ద్వారబంధం ఎత్తేనాడు మనవారు ముహూర్తం చూసి, పసుపు కుంకుమలు పెట్టి, పదిమందిని పిలిచి భోజనం పెట్టడం ఎందుకో ఆలోచించాలి. గుమ్మం నిలిచిననాటికి ఇల్లు ఎటు చూస్తుందో, ఎంత ఎత్తు లేస్తుందో, లోనికి వచ్చేవాడు తల వంచి రావాలో నిటారుగా రావచ్చునో తేలిపోతుంది. తరువాత జరిగేది చాలావరకు ఇటుక మీద ఇటుక.

ఈ కళాశాలలో పక్కపక్కన బోధింపబడే రెండు సాహిత్యాలూ ఈ రహస్యాన్ని ఎరిగినవే. ఆశీస్సుతోగాని, నమస్కారంతోగాని, వస్తునిర్దేశంతోగాని కావ్యం మొదలుకావాలని సంస్కృత లాక్షణికులు నిర్ణయించారు. తెలుగు కవులు దానిని తలదాల్చారు. నాటకానికి నాంది, ప్రస్తావన ఉన్నాయి. ఉర్దూ మస్నవీ హమ్ద్‌తో, నాత్‌తో ఆరంభమవుతుంది. వీటన్నిటికంటె నాకు ఉదాహరణగా నచ్చేది గజల్‌లోని మత్లా. తెలుగు శాఖవాడినైనా, ఉర్దూ మిత్రుల సాంగత్యం వలన తెలిసినంత చెబుతాను. గజల్‌లో మొదటి షేర్‌ను మత్లా అంటారు. అందులోని రెండు పాదాలూ ఒకే కాఫియాతో, ఒకే రదీఫ్‌తో ముగియాలి. తరువాతి షేర్లలో రెండవ పాదానికి మాత్రమే ఆ నిర్బంధం. మత్లా చదవడం ముగిసేసరికి ముషాయిరాలో కూర్చున్న శ్రోతకు కట్టుబాటు తెలిసిపోతుంది. ఇక ఆ రదీఫ్ ఈసారి ఏ రూపంలో వచ్చి వాలుతుందా అని చెవి ఒగ్గి ఉంటాడు. చలనచిత్రపు ఆరంభం చేయవలసిన పని కూడా ఇదేనని నా అభిప్రాయం. నాయకుడెవరో, నాయిక ఎవరో, ఊరేదో అది చెప్పనక్కరలేదు. కథ ఏ కట్టుబాటుకు లోబడి నడుస్తుందో ఒక్కసారి వినిపిస్తే చాలు.

మన గడ్డ మీద పుట్టిన చిత్రాన్నే చూడండి. శ్యామ్ బెనెగల్ 1974 నాటి ‘అంకుర్’ తెలంగాణ పల్లెలో జరిగే కథ. పాత్రలు మాట్లాడేది దక్కనీ యాస. అమ్మవారి గుడికి సాగే గ్రామస్థుల ఊరేగింపుతో చిత్రం మొదలవుతుంది. ఆ జనంలో లక్ష్మి అనే పేదరాలు బిడ్డ కావాలని మొక్కుకుంటుంది. దొర కొడుకు ఊరికి రావడం, ఆ తరువాతి అన్యాయం అంతా ఇంకా ముందున్నది. కాని చివరి దృశ్యంలో ఒక చిన్నపిల్లవాడు దొర ఇంటి కిటికీపై రాయి విసిరినప్పుడు మొదటి మొక్కు మనకు గుర్తుకు వస్తుంది. బిడ్డకోసం ప్రార్థనతో తెరచిన తలుపు ఒక బిడ్డ చేతి రాయితో మూతపడింది. మత్లాలోని రదీఫ్ చివరి షేర్ దాకా నిలవడమంటే ఇదే. అట్లే ఎం.ఎస్. సత్యు 1973లో తీసిన ‘గరమ్ హవా’లో సలీం మీర్జా మనకు మొదట కనిపించేది రైలు ప్లాట్‌ఫారం మీద, పాకిస్తాన్ వెళ్తున్న తన అక్కను సాగనంపుతూ. ఆపై చిత్రమంతా ఆయన ఒక్కొక్కరిని సాగనంపుతూనే ఉంటాడు. దేశవిభజన మీద ఉపన్యాసం ఇచ్చి ఉంటే ఆ ప్లాట్‌ఫారం చెప్పినంత చెప్పగలిగేదా?

ఇక మన విద్యార్థుల సంగతి. ముగ్గురు తెలుగు మాధ్యమంవారు, ముగ్గురు ఉర్దూ మాధ్యమంవారు. వారిలో ఇద్దరు ఆడపిల్లలు. అందరి నివాసాలూ నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ ప్రాంతాలలోనే. నిజాంపేట చౌరస్తా వద్ద మెట్రో వంతెన కింద దిగి షేర్ ఆటోలో ఇళ్ళకు చేరేవారు. గ్రామపంచాయతీగా ఉండిన ఆ ఊరు 2019 నాటికి నగరపాలక సంస్థ అయింది. పొద్దున హైటెక్ సిటీ వైపు పోయే వాహనాల వరుస, రాత్రి తిరిగివచ్చే వాహనాల వరుస తప్ప ఆ రోడ్డు గురించి బయటివారికి మరేమీ తెలియదు. ఆ పిల్లలకైతే చాలా తెలుసు. తెలిసినదంతా పక్కనబెట్టి వారు నా వద్దకు తెచ్చిన మొదటి ప్రణాళిక ఎలా ఉందంటే, డ్రోన్ మీద నుంచి హైటెక్ సిటీ అద్దాల మేడలు, సైబర్ టవర్స్ చుట్టూ ఒక ప్రదక్షిణం, పెద్ద సంగీతం, తరువాత ఒక గదిలో అలారం మోగడం, కథానాయకుడు లేవడం, పళ్ళు తోముకోవడం, అద్దంలో చూసుకోవడం. విద్యార్థి చిత్రాలలో నూటికి తొంభై ఈ అలారంతోనే మొదలవుతాయని నాకొక అనుమానం. కథ ఎక్కడ మొదలుపెట్టాలో తోచనివారు నిద్రలేవడంతో మొదలుపెడతారు.

“ఆకాశంలోంచి చూస్తున్నది ఎవరు?” అని అడిగాను.

“ఎవరూ కాదు సార్, కెమెరా చూస్తది” అన్నాడొకడు.

“అలారం ఎందుకు?”

“అలారం మోగకపోతే తెల్లారిందని ఎట్ల తెలుస్తది సార్?”

“మీ ఇళ్ళల్లో ఎట్లా తెలుస్తుంది?”

కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒకరు నీళ్ళ మోటరు చప్పుడన్నారు. ఒక అమ్మాయి ట్యాంకర్ హారన్ అన్నది. అంతవరకు చివరి బెంచీలో మౌనంగా ఉన్న కుర్రవాడు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొడుకు, నెమ్మదిగా, “మేం సెల్లార్ల ఉంటం సార్. మాకు పొద్దు కనిపించదు. మా గోడమీద చార ఒకటి ఉన్నది” అన్నాడు.

ఏ చార అని అడిగితే చెప్పాడు. 2016 సెప్టెంబరు వానలకు తుర్క చెరువు పొంగి బండారి లేఅవుట్‌లో సెల్లార్లు, కింది అంతస్తులు మునిగిన సంగతి పత్రికలు చదివేవారికి గుర్తుండవచ్చు. అప్పటికి అతడు చిన్నవాడు. వాళ్ళ కుటుంబం ఉండిన సెల్లారు గదిలోకి కూడా నీరు వచ్చింది. నీరు తీసిన తరువాత నిలిచినంత ఎత్తున గోడమీద మట్టిరంగు గీత మిగిలిపోయింది. దానిమీద వాళ్ళమ్మ క్యాలెండరు తగిలించింది. క్యాలెండరు చాలినంత మేర గీత కనబడదు, రెండు వైపులా మిగిలింది కనబడుతుంది. చెరువుకు నీరు వచ్చే దారిలో, నీరు పోయే దారిలో ఇళ్ళు లేచిన ఊళ్ళు మన నగరం చుట్టూ ఒకటి రెండు కావు గనుక ఆ గీత ఒక్క గదికి చెందినది కాదు. అద్దాల మేడల ప్రణాళిక ఆనాటితో ముగిసింది. నిజం చెప్పాలంటే వాళ్ళలో ఇద్దరికి అది నచ్చలేదు. సెల్లారు గోడను ఎవరు చూస్తారని గొణిగారు. ఆ కుర్రవాడు కూడా వెంటనే ఒప్పుకోలేదు. తన గదిని కళాశాల అంతా చూడడం అతనికి సులభమైన విషయం కాదు. రెండు రోజులు గడువు అడిగి, తల్లితో మాట్లాడి వచ్చి సరేనన్నాడు.

తరువాత మూడు వారాలు కెమెరాను ముట్టనివ్వలేదు. ఇందుకు వాళ్ళు నన్ను తిట్టుకొని ఉంటారు. కె.వి. రెడ్డి గారు ‘మాయాబజార్’ వంటి చిత్రాలకు సన్నివేశాల నిడివిని చిత్రీకరణకు ముందే లెక్కగట్టుకునేవారని, బాపు గారు షాట్లను ముందే బొమ్మలుగా గీసుకునేవారని చెప్పి, లెక్కల లాంగు నోటుబుక్కు ఒకటి ఇచ్చాను. ప్రతి పుటలోనూ పై సగంలో బొమ్మ. కింద ఏమి కనిపిస్తుంది, ఏమి వినిపిస్తుంది, ఎన్ని సెకన్లు. బొమ్మలు అగ్గిపుల్లల మనుషుల్లా ఉన్నా నష్టం లేదు. మొదటిసారి కూడితే నాలుగు నిమిషాలు దాటింది. రెండు నిమిషాలంటే నూట ఇరవై సెకన్లు. సెకనుకు ఇరవైనాలుగు చొప్పున రెండువేల ఎనిమిదివందల ఎనభై నిశ్చలచిత్రాలు. ముప్ఫైఅయిదు మిల్లీమీటర్ల ఫిల్ము రోజులలో నిమిషానికి తొంభై అడుగులు ఖర్చయ్యేది గనుక నూట ఎనభై అడుగులు. అడుగుకు ఇంత అని డబ్బు చెల్లించేవాడు ముందుగా కాగితం మీద ఆలోచించక ఏం చేస్తాడు? ఫోనులో తీయడానికి ఖర్చు లేకపోవడం ఈ తరానికి వరమే. ఆ వరం వలన ఆలోచన వాయిదా పడుతున్నది కూడా.

నటించవలసిన అమ్మాయి విషయంలో చిక్కు వచ్చింది. సెల్లారు గదిలోని కూతురి పాత్రకు జట్టులోని ఒక విద్యార్థిని సిద్ధపడింది. ఇంట్లో అడిగితే తల్లి ఒక షరతు పెట్టింది: ముఖం కనిపించరాదు. మరొకరిని వెదుకుదామని కొందరన్నారు. ఆ తల్లిని నిందించడానికి నాకు మనసొప్పలేదు. ఫోను తెరమీద ఒకసారి పడిన ముఖం ఎంతమంది చేతుల్లోకి పోతుందో మనకంటె ఆమెకు ఎక్కువ భయం ఉండడంలో వింత లేదు. చివరకు నోటుబుక్కు మళ్ళీ తెరిచి, ముఖం ఉన్న షాట్లన్నీ కొట్టివేసి, చేతులతోనే కథ చెప్పడానికి పూనుకున్నారు. క్యాలెండరు పుట తిప్పే చెయ్యి. కింది అరలోని పుస్తకాలను ఒక్కొక్కటిగా గీతకు పై అరలోకి మార్చే చేతులు. మాట లేదు, ముఖం లేదు. వాన కాలం వచ్చిందని, ఆ ఇంటికి ఒకసారి దెబ్బ తగిలిందని, ఆ పిల్లకు చదువు ముఖ్యమని ముప్ఫై సెకన్లలో తెలిసిపోతున్నది. ముఖం చూపే స్వేచ్ఛ ఉండి ఉంటే మనవాళ్ళు దిగులు చూపులు, కన్నీటి చుక్కలు తీసి ఉండేవారని నాకు దాదాపు నిశ్చయం.

మొదటి ఆదివారం చిత్రీకరణ. సెల్లారులో పొద్దున ఏడు దాటాక వాహనాలు దిగే వాలు మీదుగా కొద్దిసేపు వెలుగు వస్తుంది. ఆ కొద్దిసేపటిలో గోడ, క్యాలెండరు, పుట తిప్పే చెయ్యి తీయాలి. ట్యూబులైటు వేస్తే తెరమీద నల్లని పట్టీలు పాకాయి. మన దేశపు విద్యుత్తుకు ట్యూబులైటు సెకనుకు వందమార్లు మినుకుతుంది. ఫోనులో షట్టరును సెకనులో యాభయ్యవ వంతుకు నిలపగానే పట్టీలు పోయాయి. మూడుకాళ్ళ స్టాండు లేదు. రెండు ఇటుకల మీద బియ్యపు సంచి, దాని గుంటలో ఫోను. మాటలు, చప్పుళ్ళు మరొక ఫోనులో వేరుగా, శబ్దం పుట్టేచోటికి దగ్గరగా పెట్టి తీశారు. చిత్రం కొంచెం మసకగా ఉంటే ప్రేక్షకుడు క్షమిస్తాడు. మాట వినబడకపోతే లేచిపోతాడు.

ఆ కుర్రవాని తల్లి పక్కన నిలబడి, “ఏం తీస్తున్నరు బిడ్డా, ఆ గోడను?” అని నవ్వింది.

రెండవ ఆదివారం వెళ్ళేసరికి గోడ లేదు. అంటే గోడ ఉన్నది, గీత లేదు. పండుగ వస్తున్నదని అపార్ట్‌మెంట్‌వారు సెల్లారు మొత్తానికి సున్నం కొట్టిస్తున్నారు. పుస్తకాలను గీతకు పైకి మార్చే షాట్ తీయవలసిన రోజది. ఒకడు తల పట్టుకుని మెట్లమీద కూర్చున్నాడు. అప్పుడు నేను సత్యజిత్ రాయ్ కథ చెప్పాను. ‘పథేర్ పాంచాలీ’కి 1952లో ఆయన తీసిన మొదటి దృశ్యం రెల్లుపూల పొలంలో అన్నాచెల్లెళ్ళవలె పరుగెత్తే అక్కాతమ్ముళ్ళది. సగం తీసి, మరుసటి వారం వెళ్ళేసరికి పశువులు పూలన్నీ మేసివేశాయి. మళ్ళీ పూసే ఋతువు దాకా ఆగి తక్కిన సగం తీశారు. ఈ కథ వలన మనవాళ్ళకు ఓదార్పు కలిగిందని చెప్పలేను. “ఆయనకు పూలు మళ్ళ పూసినయ్ సార్, మాకు చెరువు మళ్ళ పొంగాలెనా?” అన్నాడు మెట్లమీద కూర్చున్నవాడు. నాకు జవాబు తోచలేదు.

టీ డికాక్షనుతో గీత గీద్దామని ఒక సూచన వచ్చింది. కల్పిత కథే గనుక తప్పేమీ లేదన్నారు నలుగురు. స్టూడియోలలో గోడలే కల్పిస్తారు, గీత ఎంత? నేనూ ఒప్పుకునేవాడినే. గోడ యజమాని కాకపోయినా గోడ తనది అయిన ఆ కుర్రవాడు మాత్రం వద్దన్నాడు. అతడు కారణమేమీ చెప్పలేదు. వద్దన్నాడంతే. ఆ మౌనంలో అందరూ నిలబడి ఉండగా నోటుబుక్కు పట్టుకున్న అమ్మాయి, “సున్నం కొట్టేది తీద్దాం” అన్నది. సున్నం వేసే అతను ఇంకా అవతలి గోడ దగ్గరే ఉన్నాడు. అక్కడ గీత ఇంకా మూరెడు మిగిలి ఉన్నది. ఆయనను బతిమాలి, ఆ మూరెడు గోడ మీద మెల్లగా బ్రష్షు వేయమన్నారు. గీత కొసనుంచి కొసకు తెల్లబడిపోవడం ఒకే షాట్‌లో, ఇరవైరెండు సెకన్లు తీశారు. ప్రారంభ దృశ్యానికి అదే ముగింపు అయింది. తెల్లని గోడమీదనే చిత్రం పేరు పడుతుంది. మూడు వారాలు కాగితం మీద గీత చుట్టూ ఆలోచించినవారు గనుకనే, గీత పోయిననాడు పోయినదేమిటో వాళ్ళకు తెలిసింది. చేతికందినది తీసుకుంటూ పోయేవారైతే పక్కగోడ తీసుకుని వచ్చేసి ఉండేవారు.

కూర్పు విషయంలో జరిగిన కలహాన్ని దాచడం అనవసరం. నలభై ఒక్క నిమిషాల సరుకు ఉన్నది. ఒక అమ్మాయి తెల్లవారుజామున చెరువుగట్టు మీద నిలబడి తీసిన షాట్ ఒకటి అందులో అన్నిటికంటె అందమైనది: పొగమంచు, కొంగలు, వెనుక మేడల నీడలు. దానితో మొదలుపెట్టాలని ఆమె పట్టు. కూర్పు చేస్తున్న కుర్రవాడు దాన్ని పూర్తిగా తీసివేశాడు. రెండు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. నా తీర్పు అడిగారు. సోవియట్ దర్శకుడు కులెషోవ్ ఒకే నటుని ఒకే ముఖాన్ని ఒకసారి సూపు గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన అతికించి చూపిస్తే ప్రేక్షకులు ఆ ముఖంలో ఒకసారి ఆకలిని, ఒకసారి దుఃఖాన్ని చూశారని సినిమా పుస్తకాలలో చదువుతాము. షాట్‌కు అర్థం పొరుగు షాట్ ఇస్తుంది. చెరువును ముందు చూపితే గోడమీది గీత జవాబు అవుతుంది. చెరువు లేకుంటే గీత ప్రశ్నగా నిలుస్తుంది. ప్రారంభానికి ప్రశ్నే కావాలి గనుక చెరువు పోవాలని అన్నాను. అమ్మాయి ఒప్పుకున్నదిగాని ఇప్పటికీ నన్ను పూర్తిగా క్షమించలేదు. తీసినవారిచేత కూర్పు చేయించరాదనే పాత మర్యాదలో చాలా వివేకం ఉంది. షాట్ కోసం తెల్లవారకముందే లేచినవారికి ఆ చలి గుర్తుంటుంది. తెరమీద చలి కనబడదు.

రెండవ చిక్కు భాష. మొదట వినబడే మాట తెలుగా, ఉర్దువా? ఇది చిన్న విషయమని అనుకునేవారు మన కళాశాలలో ఒక్క ఏడాది గడపలేదన్నమాట. ఆరుగురూ రెండుగా చీలి వారం వాదించారు. ఉపశీర్షికలు వేద్దామని, రెండు ప్రతులు చేద్దామని, అసలు మాటే వద్దని రకరకాల సంధి ప్రతిపాదనలు. తగవు తీర్చినది ట్యాంకరు డ్రైవరు. వేరుగా తీసిన శబ్దాలు వింటూ ఉంటే, హారన్ తరువాత అతని కేక ఒకటి స్పష్టంగా పడి ఉన్నది: “ఆజావ్, నీళ్ళొచ్చినయ్!” ఒకే ఊపిరిలో మొదటి మాట అటు, రెండవ మాట ఇటు. ప్రారంభ దృశ్యం మొత్తంలో ఉన్నది ఆ ఒక్క కేకే. నల్లని తెర మీద మొదట మోటరు చప్పుడు, తరువాత ఈ కేక, ఆపై గోడ. చిత్రానికంటె శబ్దం ముందు రావడం వలన ప్రేక్షకుడు చీకటిలోనే ఆ ఇంట్లోకి ప్రవేశిస్తాడు.

పేరు వ్రాయడంలోనూ ఇటువంటి ముచ్చటే. తెలుగులో ‘చార’, ఉర్దూలో ‘లకీర్’. ఫోనులోని అక్షరాలలో ఉర్దూకు మనసుకు నచ్చే నస్తాలీక్ దొరకలేదు. కంప్యూటర్లు రాకముందు ఉర్దూ పత్రికలను చాలావరకు కాతిబులు చేతితోనే వ్రాసేవారని విన్న ఒక విద్యార్థిని, తాతగారి వెదురు కలం తెచ్చి, తెల్లకాగితం మీద వ్రాసి ఫోటో తీసింది. తెలుగు పేరు ఎడమనుంచి, ఉర్దూ పేరు కుడినుంచి మెల్లగా వచ్చి గోడ నడుమ కలుసుకుంటాయి. లిపులు ఎదురెదురుగా నడిచేవి కావడం మన భాగ్యం. లేకుంటే ఎవరు ముందు అనే తగవు మళ్ళీ వచ్చి ఉండేది.

ఉర్దూ, తెలుగు కలిస్తే ఏమవుతుందని సందేహించేవారికి ‘మాభూమి’ని గుర్తు చేస్తాను. తెలంగాణ రైతాంగ పోరాటం మీద కృషన్ చందర్ ఉర్దూలో వ్రాసిన ‘జబ్ ఖేత్ జాగే’ నవల దానికి ఆధారం. బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించగా, బెంగాల్‌నుంచి వచ్చిన గౌతమ్ ఘోష్ దర్శకత్వం వహించాడు. 1980లో విడుదలైన ఆ చిత్రాన్ని తెలంగాణ పల్లెలు తమ కథగా చూసుకున్నాయి. ఉర్దూలో నాటిన విత్తనం తెలుగులో మొలిచింది.

చలనచిత్రం విద్యార్థుల చదువు చెడగొడుతుందని మన కార్యవర్గంలోని పెద్దలు కొందరికి ఉన్న శంక నాకు తెలియనిది కాదు. ఆ శంకకు నా వద్ద సంపూర్ణమైన సమాధానం లేదు. ఆ ఆరుగురిలో ఒకరి హాజరు ఆ నెలలో తగ్గిన మాట వాస్తవం. కాని తిరుమలగిరిలో 1934లో పుట్టిన శ్యామ్ బెనెగల్ పన్నెండవ యేట తండ్రి ఇచ్చిన కెమెరాతో మొదటి చిత్రం తీశాడు. ఉస్మానియాలో అర్థశాస్త్రం చదువుతూ హైదరాబాదు ఫిల్మ్ సొసైటీని స్థాపించాడు. అర్థశాస్త్రంలో ఎం.ఏ. కూడా పూర్తిచేశాడు. అందరూ బెనెగల్‌లు కారు, నిజమే. అందరూ కానక్కరలేదు. నోటుబుక్కులో నూట ఇరవై సెకన్లను పద్నాలుగు షాట్లకు పంచిన పిల్లకు ఏది అవసరమో, ఏది కాదో నిర్ణయించే అలవాటు అబ్బింది. నేను ఇరవై ఏళ్ళుగా వ్యాసరచన బోధిస్తూ అలవరచలేకపోయినది అదే.

ఇరవై నిమిషాల చిత్రం పెట్టుకుంటే ఏమవుతుందో కూడా చెప్పాలి. డబ్బున్న ఒకరిద్దరి చుట్టూ జట్టు చేరుతుంది. కెమెరా ఎవరిదైతే దర్శకుడు వాడే. తక్కినవారు గొడుగులు పట్టుకుంటారు. నడుమ సెమిస్టరు పరీక్షలు వస్తాయి. చిత్రం ఆగిపోతుంది, లేదా వార్షికోత్సవానికి రెండు రోజుల ముందు ఎట్లాగో అతుకులు పడుతుంది. రెండు నిమిషాల ఆరంభమైతే ఒక్క ఏటిలో పది జట్లు తీయగలవు. రెండు ఆదివారాలు చాలు. ఖర్చు బస్సు చార్జీలు, టీ ఖర్చు, సున్నం వేసే అతనికి ఇచ్చిన కొద్ది సొమ్ము. ఒక గంటలో పది చూడవచ్చు; చూసిన వెంటనే చర్చించవచ్చు. నాలుగు మాటలు టైపు చేస్తే యంత్రమే బొమ్మలు అల్లి ఇచ్చే కాలం వచ్చింది గనుక, కాగితం మీది ప్రణాళికకు సగం మార్కులు కేటాయించమని కోరుతున్నాను. చేతివ్రాతలో కొట్టివేతలు ఎక్కువగా ఉన్న నోటుబుక్కుకు నేనైతే నాలుగు మార్కులు ఎక్కువ వేస్తాను.

పోటీకి అనర్హమైన ఆ చిత్రాన్ని వార్షికోత్సవం ముగిసిన మరునాడు ఒక తరగతి గదిలో, కిటికీలకు దుప్పట్లు కట్టి చూపించారు. కుర్రవాని తల్లి కూడా వచ్చింది. ముఖం చూపవద్దన్న ఆ రెండవ తల్లి వచ్చి, కూతురి చేతులను తెరమీద గుర్తుపట్టి, పక్కనున్నవారికి చూపింది. గోడ తెల్లబడి, రెండు పేర్లు కలుసుకుని, దీపాలు వెలిగాక వాచ్‌మన్ భార్య కొడుకువైపు తిరిగి, “తర్వాత ఏమైతది?” అని అడిగింది.

ఆ తర్వాతిది వాళ్ళింకా వ్రాస్తూనే ఉన్నారు. మూడవ నిమిషంలో ఎవరు మాట్లాడాలన్నది ప్రస్తుతపు తగవు. ఈ లోపల కార్యవర్గం అనుమతించినా అనుమతించకపోయినా, ఆరంభాల నోటుబుక్కులు తెచ్చి చూపదలచిన విద్యార్థులు దసరా సెలవులకు ముందు తెలుగు శాఖలోగాని ఉర్దూ శాఖలోగాని ఇవ్వవచ్చును. రెండు శాఖల బల్లలూ ఒకే గదిలో ఉన్నాయి గనుక ఎక్కడ ఇచ్చినా ఇద్దరమూ చదువుతాము.